గూడు తీసేసిన వేదిక

ఇటలీలోని పార్మా ఊళ్లో ఎజిదియోని ఎరుగని గాయకులు లేరు, చూసిన ప్రేక్షకులూ లేరు. వేదిక ముందు అంచున నడుము లోతు గుంటలో, వాద్యకారులకు వీపు పెట్టి కూర్చునేవాడు. తల మీద చిన్న చెక్క గూడు. పాడేవాళ్ల నోట చరణం రావడానికి ఒక్క ఊపిరి ముందు దాని మొదటి మాట అందించడం అతని పని. తొందరపడితే పాట తడబడుతుంది, ఆలస్యమైతే మనిషి పరువు పోతుంది. అతను చెప్పులు కుట్టేవాడి కొడుకు. సంగీతపు బడి గడప తొక్కలేదు. పాత ప్రాంప్టర్ పక్కన కూర్చుని చెవితో నేర్చుకున్నాడు.

తల్లి లేని కూతురు ఒర్నెల్లానీ అలాగే పెంచాడు. చర్చిలో పద్యం చెప్పినా, బడిలో పాఠం అప్పజెప్పినా వెనక వరసలో నాన్న పెదాలు కదులుతూ ఉండేవి. ఆమె గాయని అయ్యాక కూడా గూట్లో ఉండేది అతనే.

ఆ అక్టోబరులో సొంత ఊరి థియేటర్లో ఆమెకు నాయిక వేషం వచ్చింది. ముత్తాతల కాలపు ఒపెరా. కొత్త దర్శకుడు అందులోని రాజభవనం సెట్టు తీసేయించి, వేదికంతా చీలమండ లోతు నీళ్లు పెట్టించాడు. కెమెరాలతో ఆ ప్రదర్శనను అప్పటికప్పుడే ఊరి చౌకులో తెర మీద, దేశమంతా సినిమా హాళ్లలో చూపిస్తారు. నీళ్లలో గూడు కుదరదన్నారు. గుసగుసలు మైకుల్లో పడతాయన్నారు.

"నేను వెళ్లి మాట్లాడతానమ్మా," అన్నాడు ఎజిదియో.

"వద్దు నాన్నా. నేనే సరేనన్నాను."

"నువ్వా?"

"థియేటర్ పై గ్యాలరీలో కూర్చునేవాళ్లు ఏమంటున్నారో తెలుసా? వాళ్ల నాన్న నమిలి పెడితే మింగే పిల్లట. ఈ ఒక్కసారి నన్నే నమలనీ."

"పళ్లు జాగ్రత్త మరి," అని నవ్వాడు. ఆ రోజు అన్నం సయించలేదు.

ప్రదర్శన నాడు ఎజిదియో చౌకులో తెర ముందు, పంది తొడమాంసం అమ్మే స్నేహితుడు ఫెర్రుచ్చో పక్కన కూర్చున్నాడు.

"ఇన్నాళ్లకి మొహాలు చూస్తున్నావురా! ఇదివరకు నీకు తెలిసినవన్నీ పాదాలే," అన్నాడు ఫెర్రుచ్చో, వైన్ గిన్నె చేతిలో పెడుతూ.

"పాదాలు చూస్తే చాలురా. మరిచిపోబోయేవాడు ముందు మడమల మీదికి ఒరుగుతాడు."

కెమెరా పాదాలు చూపించలేదు. ఇంటి గోడంత ఒర్నెల్లా మొహమే చూపించింది. రెండంకాలు ఆమె బంగారంలా పాడింది. ఫెర్రుచ్చో కళ్లు తుడుచుకున్నాడు. చివరి అంకంలో, పాత వరసే మళ్లీ వచ్చి మాటలు మాత్రం మారే చోట, ఆమె కళ్లు నీళ్ల మీద, సరిగ్గా ఇదివరకు గూడు ఉండే చోట వాలాయి. అక్కడేమీ లేదు. పెదాలు విచ్చుకుని ఎదురుచూశాయి.

ఎజిదియో లేచి ఆ మాట అందించాడు. గుసగుసగా కాదు, గొంతు చించుకుని. చౌకంతా తిరిగి చూసింది. తెర మీది మొహానికి అది వినబడలేదు. వాద్యాలు సాగిపోయాయి. ఆమె రెండు చరణాలు పోగొట్టుకుని మూడోది అందుకుంది. అప్పటికే పై గ్యాలరీలో ఎగతాళి ఈలలు మొదలయ్యాయి.

ప్రదర్శన ముగిశాక అతను థియేటర్ వెనక గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి ఆమె తడిసిన బట్టలతోనే మెట్టు మీద కూర్చుని ఉంది.

"అమ్మా, ఆ మాట..." అన్నాడు.

ఆమె చల్లటి అరచేయి తండ్రి నోటి మీద పెట్టింది.

"అందించకు నాన్నా. ఇక ఎప్పుడూ అందించకు. నువ్వు ముందు చెబితేనే నాకు వస్తుంది. నాలో ఏమీ లేదు, చూశావుగా?"

ఉందమ్మా అనాలనుకున్నాడు. ఎవరూ అందించకుండానే రెండంకాలు ఆమె పాడడం అతనే విన్నాడు. కానీ ఆ చేయి నోటి మీదే ఉంది.

ఫెర్రుచ్చో ఆయాసపడుతూ వెనకాలే వచ్చాడు. "ఏమైంది తల్లీ? ఎందుకాగిపోయావు?"

ఒర్నెల్లా చేయి తీసింది. జవాబు కోసం నోరు తెరిచింది. ఎజిదియోకి జవాబు తెలుసు. కానీ అది ఆమె మాట కాదు, తన మాట. నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించాడు.

"తెలీదు బాబాయ్," అంది ఆమె, తండ్రి పెదాల వైపు చూడకుండానే.