తుమ్మచెట్టు మీది కొత్త గువ్వ

నా నౌకరీని ఓ ఏడాది వెనక్కి నెట్టింది గుప్పెడంత గువ్వ. దాని తప్పేమీ లేదు లెండి, తెలివి నాదే.

అరవైల మొదట్లో మోత్కూర్ దగ్గర ఒక బడిలో నేను కచ్చా పంతులుని. పోచంపల్లి మగ్గాల ఇంట్లో పుట్టి, ఉర్దూలో సైన్సు చదివి, తెలుగులో పాఠం చెప్పాల్సి వచ్చినవాణ్ణి. 'జాతి' అనే మాట కొత్తగా పట్టుబడింది. ఇక కనిపించిన ప్రతి ప్రాణినీ ఏదో ఒక జాతిలో వేస్తేగాని అన్నం సయించేది కాదు. ఇన్‌స్పెక్టరు వస్తున్నారని, మెచ్చితే కొలువు పక్కా అవుతుందని తెలిసి, ఊరి గువ్వల పటం గీశాను.

చేలల్లో ఇటుక రంగు గువ్వ తిరిగేది. బడి వెనక తుమ్మచెట్టు మీద గూట్లో మట్టి రంగుది కూర్చునేది. మెడ మీద నల్ల గీత మాత్రం రెండింటికీ ఉంది. తికమకపడి, గొర్లు కాసే మల్లయ్యను అడిగాను.

"మల్లయ్యా, గీ రెండు ఒక్క జాతేనా?"

"ఒక్కటెట్లయితది సారూ? రెండు జాతులు."

ఇంకేం కావాలి? ఎర్రదాని కింద 'నివాసం: మోత్కూర్ నుంచి ఆలంపూర్ దాకా' అని రాశాను. ఆలంపూర్ గుడికి పోయినప్పుడు అక్కడా చూశాను మరి. రెండోదాన్ని గూట్లో తప్ప చూడలేదు కాబట్టి 'నివాసం: మా బడి వెనక తుమ్మచెట్టు. లోకంలో మరెక్కడా లేదు' అని రాశాను.

ఇన్‌స్పెక్టరు వచ్చి, పటం చూసి, కళ్లజోడు సవరించుకున్నారు. "ఒక్క చెట్టు మీదే బతికే జాతా అండీ?"

"అవును సార్. చాలా అరుదు."

చూద్దాం పదండన్నారు. వెళ్లేసరికి గూట్లో మట్టి రంగుది ఉంది. ఎర్రది పక్కన వాలి పిల్లలకు మేత పెడుతోంది.

"పరాయి జాతి పిల్లల్ని ఇదెందుకు మేపుతోందండీ?"

"దయ గల జాతి సార్," అన్నాను.

చెట్టు కింద మల్లయ్య కనిపించాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది.

"మల్లయ్యా, జర నువ్వే చెప్పు. రెండు జాతులంటివి గదా?"

"అవ్ సారూ. ఒకటి మొగజాతి, ఒకటి ఆడజాతి. మొగుడు పెండ్లాలు గద అవి."

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. "మీకు పెళ్లయిందా?" అని అడిగారు. లేదన్నాను. "అదీ సంగతి," అని, ఇంకో ఏడాది కచ్చాగానే ఉంచమని రాసి పోయారు.

ఒకే గూట్లో కాపురముండే ఇద్దరిని చచ్చినా రెండు జాతులని అననని ఆ తుమ్మచెట్టు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. మరుసటేడు నౌకరీ పక్కా అయింది, పెండ్లీ అయింది. అప్పటి నుంచి మా ఆవిడ పొద్దున లేస్తే "మీ మొగజాతే గింత" అంటుంది. ఒట్టు నాదే గాని ఆమెది కాదు కదా, నోరు మూసుకుని వింటాను.