తడపని మాసిక

మా పెద్దమ్మ చర్చిలో పాస్టరుగారి మాటలు వినేదో లేదో గానీ, ముందు బెంచీ వాళ్ల కాలర్లు మాత్రం తప్పకుండా చూసేది. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నా చెవి దగ్గరకు వంగి, "ఆ గళ్ల చొక్కా ఆయనకి చంక కింద కుట్టు వదిలేసింది చూడవే. వచ్చేవారం మన దగ్గరికే వస్తాడు" అనేది. చిరిగిన బట్టలకు రఫూ చేయడం, మాసికలు వేయడం ఆమె పని. అందుకే వీధి వీధంతా ఆమెను రఫూ పెద్దమ్మ అనేవారు. నేను ఆమె చెల్లెలి కూతుర్ని. ఆమె కొట్లో రెండో మిషను నాది.

పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేస్తే అది బట్టను లాగేసి చిరుగు ఇంకా పెద్దదవుతుందని యేసు చెప్పిన మాట ఉంది కదా, అది చదివినప్పుడల్లా పెద్దమ్మకు నవ్వాగేది కాదు. "కొత్త నూలుగుడ్డ తడిస్తే ముడుచుకుంటుంది. ముందే నానబెట్టి ఆరేసుకోవాలి. మిషను తొక్కే ప్రతివాడికీ తెలిసిందేగా, దీనికింత ప్రసంగమా?" అని గొణిగేది. నేను తొడ మీద గిల్లితే గానీ ఊరుకునేది కాదు.

ఆమె ఒక్కగానొక్క కూతురు, నాకు అక్క, జ్వరమని ఆస్పత్రికి వెళ్లి మళ్లీ ఇంటికి రాలేదు. అక్క కూతురు పాప అప్పుడు రెండో తరగతి. ఆ పిల్ల ఏడవలేదు. అక్క ఇంట్లో వేసుకునే నీలం గౌను ఒకటి తీసి తలగడ కింద పెట్టుకుంది. పడుకునేటప్పుడు అందులో ముఖం దాచుకునేది, అంతే. "బంగారుతల్లి, ఎంత ధైర్యమో!" అని వచ్చినవాళ్లందరూ మెచ్చుకున్నారు. పెద్దమ్మ కూడా, "నువ్వేడిస్తే అక్కడ అమ్మ బాధపడుతుందమ్మా" అని చెప్పింది. నాకు ఒళ్లు మండింది. కానీ పెద్దమ్మ ముందు నోరెత్తే మొనగాళ్లు మా ఇంట్లో ఎవరున్నారు కనుక!

అక్క పోయిన ఏడాదే డాక్టరు పెద్దమ్మ గుండె బాగా బలహీనపడిందని చెప్పాడు. ఆమెకు చావంటే భయం లేదు. తాను పోయేలోపు పాపకు ఒక తల్లి కావాలి, అదొక్కటే పట్టుకుంది. వద్దు వద్దంటున్న బావను ఆమే కూర్చోబెట్టి ఒప్పించింది. బేకరీలో పనిచేసే ఒకావిణ్ణి ఆమే చూసింది. మెత్తని మనిషి, మాట పెగిలేది కాదు.

"నిదానమే ప్రధానం పెద్దమ్మా, పాపనొకసారి అడగొద్దూ?" అన్నాను.

"ఆలస్యం అమృతం విషం. కందకు లేని దురద కత్తిపీటకెందుకే? నువ్వు గుండీలు కుట్టు."

పెళ్లి చర్చిలో నిరాడంబరంగా జరిగిపోయింది. కొత్తావిడ కాపురానికి వచ్చే రోజున, పాప బడికి వెళ్లిన సమయంలో, పెద్దమ్మ తలగడ కింద నుంచి ఆ గౌను తెచ్చింది. కొత్తావిడ అక్కకన్నా కాస్త ఒళ్లున్న మనిషి. అందుకని రెండు పక్కలా కుట్లు విప్పి, అదే రంగు కొత్త గుడ్డ పట్టీలు వేసి వెడల్పు చేసింది. వాళ్లమ్మ గౌనులో చూస్తే పిల్ల దగ్గరవుతుందని ఆమె ఆశ. ఆ తొందరలో, పాతికేళ్లుగా ఏనాడూ మరవని పని మరిచిపోయింది. పట్టీలను తడపలేదు.

సాయంత్రం కొత్తావిడ, పెద్దమ్మ ఇచ్చిన ఆ గౌను వేసుకుని గుమ్మంలో నిలబడింది. పాప ఆమెను పైనుంచి కిందకు చూసింది. వెళ్లి మంచం కిందకు దూరింది. అన్నానికి పిలిచినా రాలేదు.

కొత్తావిడ వెంటనే గౌను విప్పేసింది. పిల్లది పిల్లకిద్దామని, శుభ్రంగా ఇద్దామని, సబ్బుపెట్టి ఉతికి ఆరేసింది. అది ఆరాక చూస్తే పట్టీలు ముడుచుకుపోయి పాత గుడ్డను లాగేశాయి. చంక నుంచి నడుం దాకా చిరుగు. పాప ఆ గౌను అందుకుని ముఖానికి ఆనించుకుంది. తర్వాత మా వంక చూసి మెల్లగా అంది.

"అమ్మ వాసన పోయింది."

అప్పుడూ ఏడవలేదు. చిరిగిన గౌను మడిచి మళ్లీ తలగడ కింద పెట్టుకుంది.

పెద్దమ్మ కొట్టుకొచ్చి మిషను ముందు కూలబడింది. తర్వాత బైబిలు తీసి నా చేతికిచ్చి ఆ మాసిక మాట చదవమంది. చదివాను. "దానికి ముందు" అంది. పెళ్లికొడుకు ఉన్నంతకాలం పెళ్లింటివాళ్లు దుఃఖపడరు, అతన్ని వాళ్ల దగ్గర నుంచి తీసుకుపోయే రోజులొస్తాయి, ఆ రోజుల్లో వాళ్లు ఉపవాసముంటారు అని దాని ముందే ఉంది.

"చూశావా? మనిషి పోయిన రోజులకి ఏడుపు రాసిపెట్టి ఉందే. ఆ తర్వాతే మాసిక మాట ఎత్తాడు ఆయన. నేను ఆ పిల్లని ఏడవనివ్వలేదు. దాని పచ్చి దుఃఖం మీద కొత్తదాన్ని పెట్టి కుట్టేశాను. ఇన్నేళ్లూ బట్టల గురించే అనుకుని నవ్వానే!"

ఆమె అలా బావురుమనడం అక్క పోయినప్పుడు కూడా నేను చూడలేదు.

మర్నాడు కొత్తావిణ్ణి కొట్టుకు పిలిచి చెప్పింది. "అమ్మా అని పిలిపించుకోవద్దు తల్లీ. పక్కన ఉండు, చాలు. ఏడవకు అని మాత్రం ఎన్నడూ అనకు. ఆ పాపం నేను చేసింది చాలు."

అప్పటి నుంచి బకెట్లో ఒక నీలం గుడ్డముక్క నానుతూనే ఉండేది. నానబెట్టడం, పిండి ఆరేయడం, మళ్లీ నానబెట్టడం. "ఎన్నిసార్లు పెద్దమ్మా, అది దారాలై పోతుంది" అంటే, "పాప గౌను కుట్టమని అడిగేదాకా" అనేది. పాప అడగలేదు. కొత్తావిడ జడ వేస్తే వేయించుకునేది, పెట్టింది తినేది, పలకరిస్తే తల ఊపేది. పెద్దమ్మ రోజూ సాయంత్రం గుమ్మం వైపు చూసి కొట్టు కట్టేసేది.

ఒక ఉదయం మిషను మీద తల వాల్చి అలాగే పోయింది. ఆమె ఎదురుచూపు తీరకుండానే పోయింది.

సమాధి చేసి వచ్చాక కొట్టు సర్దుదామని తలుపు తీశాను. సాయానికి కొత్తావిడ వచ్చింది. కాసేపటికి పాప వచ్చింది, చంకలో చిరిగిన గౌనుతో. బకెట్ వైపు చూసింది.

"పిన్నీ, ఇది అమ్మమ్మ నానబెట్టిందా?"

"అవునమ్మా. నీ కోసమే."

పాప చెయ్యి పెట్టి గుడ్డను పైకి తీసింది. చిన్న చేతులకు నీళ్లు పిండడం చేతకాలేదు. కొత్తావిడ రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ చెరో వైపు మెలిపెడుతుండగా పాప పెదవులు వణికాయి. "అమ్మమ్మా" అంది. ఆ వెంటనే "అమ్మా" అని గట్టిగా అరిచి ఏడ్చింది. ఆ పిలుపు ఎదురుగా ఉన్నావిడకు కాదు. ఆవిడకు కూడా ఆ సంగతి తెలుసు.

కొత్తావిడ నోరు తెరిచింది, ఏమనబోయిందో మళ్లీ మూసుకుంది. గుడ్డ కొస వదలకుండా పాప పక్కన తడినేల మీద కూర్చుంది. ఆవిడ కళ్ల నుంచి కూడా నీళ్లు కారుతున్నాయి. ఎంతసేపటికో పాప వెక్కుతూ గుడ్డను తడిమి చూసింది.

"ఇంకా తడిగానే ఉంది."

"ఆరనీ" అంది కొత్తావిడ. "తొందరేముంది?"