ఒక్క ‘పోయిండు’తో పోయిన వేషం

పరదేశంలో కూలికొచ్చిన ఆ కుర్ర వయసులో నా కోపానికి వేళాపాళా ఉండేది కాదు. ఊరి నుంచి మేనమామ ఫోన్ చేసి “దుబాయ్‌ల ఎట్లున్నవ్‌రా” అంటే కోపం. ఇది ఖతర్ అని చెబితే “అదేరా, దుబాయ్ ఖతర్” అన్నందుకు ఇంకా కోపం. (ఇప్పటికీ అలాగే అంటాడు, నేనే ఊరుకుంటున్నాను.) కానీ అల్ ఖోర్ క్యాంపులో వేల్స్ మామ మీద వచ్చిన కోపం ముందు ఇవన్నీ ఏపాటి!

వేల్స్ మామ అన్నది మేం పెట్టుకున్న పేరు. సేఫ్టీ క్లాసుల్లో మా చేత నాటకాలు వేయించడానికి కంపెనీ తెచ్చిన ముసలి నటుడు. వాళ్ళ దేశంలో జీవితమంతా చిన్న వేషాలే వేశాడట: పోలీసు, పాస్టరు, బొగ్గుగని కూలీ, ఒక సినిమాలో జడ్జి, ఇంకో సినిమాలో బోనెక్కిన దొంగ. టోపీ మారిస్తే మనిషే మారిపోయేవాడు. ఎవరైనా “ఇంగ్లీష్ సార్” అన్నారో, ఆ టోపీ నేలకేసి కొట్టి “ఇంగ్లీష్ మాఫీ! వేల్స్!” అని అరిచేవాడు. (మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో కాదు, లేదు అని; వేల్స్ ఇంగ్లండు పక్కనే ఉన్న వేరే దేశమట.) అది చూసి, దుబాయ్ అంటే నాకొచ్చే కోపమే కదా, మనోడే అనుకున్నాను.

ఆ మనోడు నాకిచ్చిన వేషం ఏమిటి? ఎండదెబ్బకి చచ్చినవాడి వేషం! ప్రతిసారీ అదే, దుప్పటి కప్పుకుని పడుకోవడం. ఫోర్‌మన్, డాక్టరు, అంబులెన్స్ డ్రైవరు మాత్రం మూడూ ఆయనే. “ఒక్క మాటన్న ఇయ్యుండ్రి సార్, నాకు నోరు లేదా?” అని ఒకరోజు వచ్చీరాని ఇంగ్లీషులో మీదపడ్డాను. బాగా చేసినవాణ్ణి ట్రైనింగ్ రూములో హెల్పరుగా పెట్టుకుంటానని మేనేజరు చెప్పి ఉన్నాడు. ఎండలో ఇనుము మోసేవాడికి ఏసీ గది అంటే ఏమిటో వేరే చెప్పాలా! నా కోపానికి జడిసో జాలిపడో, మొత్తానికి ఒక మాట ఇచ్చాడు. ఫోర్‌మన్ వచ్చి “బక్కోడు ఎక్కడ?” అంటాడు. (బక్కోడు నా రూమ్మేటు.) నేను “నీళ్ళు తాగెతందుకు నీడకు పోయిండు” అనాలి. ఫోర్‌మన్ శభాష్ అని అందర్నీ నీడకి పంపుతాడు. వారం రోజులు బాత్రూములో అదే జపం.

తెలుగువాళ్ళ క్లాసు రోజు వచ్చింది. ముందు వరుసలో మేనేజరు, వెనక సగం మావైపు వాళ్ళు, సగం కోస్తా వాళ్ళు. వేల్స్ మామ హెల్మెట్ పెట్టుకుని, బట్టీపట్టిన ఆ ఒక్క తెలుగు ముక్కా అడిగాడు. నేను నీళ్ళూ నీడా అన్నీ మరిచిపోయి “పోయిండు” అన్నాను. మావాళ్ళు ఎక్కడికి పోయాడా అని చూస్తున్నారు. మేం గోదారి బావ అని పిలిచే బస్సు డ్రైవరు మాత్రం లేచి, “అయ్యయ్యో! ఎప్పుడు పోయాడండీ? పొద్దున్న నా బస్సులోనే వచ్చాడు కదండీ!” అన్నాడు. (వాళ్ళకి పోవడమంటే ఒకటే పోవడం, తక్కినవన్నీ వెళ్ళడాలు.) ఆ గగ్గోలు చూసి, కథ మారిందనుకున్న వేల్స్ మామ హెల్మెట్ తీసి, మోకాళ్ళ మీద కూలబడి, వాళ్ళ భాషలో శోకం ఎత్తుకున్నాడు. ఏం ఏడ్చాడండీ! నాకే కళ్ళు చెమర్చాయి. సరిగ్గా అప్పుడు మూతి తుడుచుకుంటూ, నీళ్ళ సీసాతో బక్కోడు వచ్చాడు. “ఓరి నీ దుంప తెగ, బతికే ఉన్నావా!” అని గోదారి బావ వాణ్ణి కావలించుకున్నాడు. హాలంతా ఈలలు. హెల్పరు పని ఎవరికిచ్చారనుకున్నారు? నోరు విప్పకుండా నీళ్ళు తాగొచ్చిన బక్కోడికి!

నాకు ఒళ్ళు మండిపోయింది. అర్థమవుతుందా లేదా అని చూడకుండా, అందరి ముందూ తెలుగులోనే కడిగేశాను: “నేను మాట మరిస్తే మీరు అందియ్యాలె గద సార్! ఏడుసుడేంది?” ఆయన భుజం తట్టబోతే చెయ్యి విదిలించేశాను. తర్వాత ఆయన దేశం వెళ్ళిపోయే రోజు క్యాంపు గేటు దగ్గర నిలబడి నా కోసం అడిగాడట. నేను గదికి గొళ్ళెం వేసుకుని కూర్చున్నాను, అంత మొనగాణ్ణి.

మొన్న, ఇప్పుడు నేనుంటున్న రయ్యాన్‌లో, అదీ ఖతరే, మా రూమువాళ్ళు ఫోన్లో పాత ఇంగ్లీషు సినిమా చూస్తున్నారు. ఒక పోలీసు తలుపు తీసి, ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయాడు. ఆ ముక్కు, ఆ నడక! “ఆపుండ్రి! మా ముసలాయన!” అని ఎగిరి గంతేశాను. చివర్లో పేర్లు పడుతుంటే ఒకడు ఆపి, “వీట్ల ఆయనదేదే అన్నా?” అన్నాడు. బోలెడు పేర్లు. మీదపడి అరవడం వచ్చింది గానీ, మీ పేరేంది సార్ అని ఒక్కసారి అడగడం రాలేదు నాకు.

“అన్నీ ఆయనయేరా” అన్నాను. వాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను.