నూరు చోట్లు చూసే మనిషి

మలేరియా సారు పోయారని నాకు చెప్పింది నంద్యాల నుంచి వచ్చిన మొదటి బస్సు డ్రైవరు. ఆళ్లగడ్డలో నా సైకిల్ షాపు ముందు బస్సు నిదానం చేసి, తల బయటికి పెట్టి, "అన్నా, మీ సూది సారు పోయినాడంట" అన్నాడు. ఊరందర్నీ ఆట పట్టించేవాణ్ణి కదా, ఈసారి నన్నే ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాను. "యాడికి పోయినాడు, కర్నూలుకా?" అన్నాను. డ్రైవరు నవ్వలేదు. చేతిలోని ట్యూబు జారి నీళ్ల తొట్టిలో పడింది. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. ఇక మా నెత్తురు ఎవరు చూస్తారు?

ఆయన ఇల్లున్న నంద్యాలలో, సమాధి దగ్గర, ఎవరైనా రెండు మాటలు చెబుతారా అని పాస్టరుగారు అడిగారు. ఊళ్లో నన్ను మించిన నోరు లేదు. ఆ రోజు అది తెరుచుకోలేదు. అందుకే రాస్తున్నాను. నాది ఎనిమిదో తరగతి దాటని చదువు, తప్పులుంటే సర్దుకోండి.

ఆళ్లగడ్డ సర్కారు ఆసుపత్రిలో ఒక మూల గది, అందులో ఆయన, ఒక మైక్రోస్కోపు. జ్వరమొచ్చినవాళ్ల వేలు గుచ్చి, గాజు స్లైడు మీద నెత్తురు పూసి పంపితే, అందులో మలేరియా పురుగు ఉందో లేదో ఆయన చెప్పాలి. స్లైడు కదిలిస్తూ పెదాల్లోనే లెక్క పెట్టేవారు. ఎవరొచ్చినా లెక్క అయ్యేదాకా తల ఎత్తరు. "నూరు చోట్ల చూసినాకనే లేదని రాయాలప్పా. కనపల్లేదు అనేది వేరు, లేదు అనేది వేరు" అనేవారు.

ఆయనలాగే ఒక కన్ను మూసి టీ గ్లాసులోకి చూస్తూ, లెక్కపెడుతూ, నేను అంగట్లో జనాన్ని నవ్వించేవాణ్ణి. ఒకరోజు ఆయన వెనకే నిలబడి చూశారు.

"ఏం కనపడిందప్పా?"

"ఈగ సార్."

"మగదా, ఆడదా? అది చెప్పకుంటే ఎట్ల?"

ఆ రోజు జనం నన్ను చూసి నవ్వారు.

డెబ్బైల చివర్లో ఒక వానాకాలం, అయిదేళ్ల నా కూతురికి రోజు విడిచి రోజు మధ్యాహ్నం చలిజ్వరం వచ్చేది. జ్వరాలున్నాయా అని ఇల్లిల్లూ తిరిగే మలేరియా శాఖ ఖాకీ బట్టలాయన వచ్చాడు. ఖాకీని చూస్తే బిడ్డ జడుసుకుంటుంది, నేనే తీసిస్తానని సూదీ స్లైడూ అడిగి లోపలికి తీసుకుపోయాను. ఆయన పక్కింటి గోడ మీద, తను వచ్చిపోయిన గుర్తుగా, తేదీ రాస్తున్నాడు. సూది వేలికి తగలకముందే బిడ్డ కేకపెట్టింది. నా భార్య దాన్ని లాక్కుని, "సూది గుచ్చితే నా మీద ఒట్టే" అంది. నిజం చెప్పాలంటే వాళ్లిద్దరికంటే ఎక్కువ జడుసుకున్నది నేనే. పెరట్లో అప్పుడే కోడిని కోసి ఉన్నారు. ఒక చుక్క తీసి స్లైడుకు పూసి ఇచ్చేశాను. ఖాకీ ఆయన ఇచ్చిన చేదు మాత్రలు బిడ్డ ఉమ్మేస్తే, మేము ఊరుకున్నాం. సర్కారుకే కోడిని చూపించానని లోలోపల ఒకటే సంబరం.

రెండో రోజు సాయంత్రం సారు మా వాకిట్లో నిలబడ్డారు.

"మీ ఇంట్లో ఈకలు మొలిచినోళ్లు ఎవురప్పా?"

"పట్టేసినారే సార్!" అని పగలబడి నవ్వాను.

ఆయన నవ్వలేదు. "స్లైడు మీద బిడ్డ పేరుండాది. బిడ్డ యాడ?"

మంచం మీద బిడ్డ ఏదో కలవరిస్తోంది. ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి, కింది కనురెప్ప లాగి చూశారు. లోపల నెత్తురు లేక తెల్లగా ఉంది. "మనుషుల పిచ్చితనం శానా చూసినా. బిడ్డకు బదులు కోణ్ణి పెట్టినోణ్ణి ఇప్పుడే చూస్తాండా" అన్నారు. అవతల ఆయన ఇంటికి పోవాల్సిన నంద్యాల బస్సు హారన్ కొడుతోంది. ఆయన అటు తిరగలేదు.

ఆసుపత్రి గదిలో బిడ్డ వేలూ నా వేలూ గుచ్చి, రెండు స్లైడ్లకూ రంగు వేశారు. అవి సిద్ధమయ్యేలోగా, నేను కూలిపోతానని అనుకున్నారేమో, స్టూలు మీద కూర్చోబెట్టి కోడి స్లైడు చూపించారు. కోలగా లెక్కలేనన్ని బిళ్లలు, ప్రతిదాని నడుమా ఒక గింజ.

"ఇవి కణాలప్పా. ఒక్కొక్కటీ ఒక ఇల్లు. చుట్టూ పొర, ఏది లోపలికి రానియ్యాల, ఏది బయటికి పంపాల అదే చూసుకుంటాది. నడుమ గింజ ఉండాదే, అది ఇంటి పెద్ద. పనంతా దాని మాట మీదనే."

తర్వాత నా నెత్తురు. గుండ్రటి బిళ్లలే, గింజ లేదు.

"మనిషి ఎర్ర కణం పెద్దదయ్యేటప్పుడు గింజను పారేస్తాది. ఆ జాగాలో గూడా గాలి మోసే సరుకే నింపుకుంటాది. పెద్ద లేని ఇల్లు, నాలుగు నెల్లే నిలబడేది."

ఇక బిడ్డది. ఆయన పెదాలు కదిలాయి. ఏడు దగ్గర ఆగిపోయాయి. నన్ను చూడమన్నారు. ఒక కణంలో చిన్న ఉంగరం, దానికి ఎర్రటి చుక్క.

"గింజ ఉండాది సార్!" అన్నాను, ఆశగా.

"అది బిడ్డది కాదప్పా. లోపలికి దూరినోనిది."

వాడు ఇంటిని లోపల్నుంచి తిని, సంతానం పెంచి, గోడలు పగలగొట్టి బయటికొస్తాడని, వేలవేల ఇళ్లు ఒకేసారి పగిలే పొద్దుకే ఆ చలి వస్తుందని ఆయన చెబుతుంటే, నా పళ్లే కొట్టుకున్నాయి. మళ్లీ పగిలేది ఎల్లుండి మధ్యాహ్నం.

మాత్ర నలిపి బెల్లంలో కలిపి ఆయనే తినిపించారు. కక్కదని నమ్మకం కుదిరేదాకా కదల్లేదు. రిజిస్టరులో మాత్రం, మొదటి స్లైడు తన చేతిలో చెడిపోయిందని, మళ్లీ తీశానని రాశారు.

"అట్ల రాస్తాండారేంది సార్?"

"నీ కత రాస్తే, సూది నీ చేతికిచ్చిన ఖాకీ ఆయన కొలువుకే ముప్పు. ఇదైతే నాకు నాలుగు చీవాట్లు, అంతే."

ఆ ఎల్లుండి నాడు రెండు గంటలకే సారు మా ఇంటికి వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. నా భార్య మూడు దుప్పట్లు దగ్గర పెట్టుకుంది. రెండున్నర అయింది. మూడు అయింది. బిడ్డ దవడ కదులుతుందేమోనని నేను రెప్ప వేయలేదు. ఏదీ పగలకూడదని ఏ దేవుణ్ణి అడగాలో తెలియక, పేరు గుర్తొచ్చిన ప్రతి దేవుణ్ణీ అడిగాను. మూడున్నరకు బిడ్డ దుప్పటిని కాలితో తన్నేసింది.

"ఉడకబోస్తాంది నాయనా. బయట కూచుంటా."

నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏదో ఒక వేళాకోళం ఆడి ఆ గంటను దాటేద్దామని సారు వైపు తిరిగాను. ఆయన రెండు చేతులూ మోకాళ్ల నడుమ పెట్టి గట్టిగా నొక్కుకుని ఉన్నారు. బిడ్డ వాకిట్లో కూర్చుని పక్కింటి పిల్లను పిలుస్తోంది. ఆయన పెదాలు ఇంకా లెక్క పెడుతూనే ఉన్నాయి, నూరు కాలేదేమో.