పచ్చగీత పడని అర్జీ

రాజరత్నంగారి చేత అర్జీ కొట్టిస్తే పని అయి తీరుతుందని రామచంద్రపురంలో పేరు. ఇరవయ్యేళ్లు టైపుమిషన్ మీద కొట్టి, రెండువేల మూడులో కంప్యూటర్ కొన్నాడాయన. ఇక చూడండి దర్జా! పాత అర్జీ తెరవడం, పేర్లూ ఊళ్లూ మార్చడం, ఇంగ్లీషు తప్పుకి పడే పచ్చగీత ఎక్కడా లేకపోతే ప్రింటు తీసెయ్యడం. "తప్పుంటే అదే చెబుతుందండీ" అని వచ్చినవాళ్లకి గొప్పలొకటి.

ఆ రోజు పదకొండింటికి పెద్దింట్లమ్మ ఆయన కొట్టిచ్చిన అర్జీ పట్టుకుని కాకినాడ బస్సెక్కింది. ఆమె మొగుడు గంగయ్య అక్కడొక ఆఫీసులో అటెండరుగా ఉండగానే చనిపోయాడు. ఆ ఉద్యోగం తనకిమ్మని అడుక్కోవడానికి ఆ సాయంత్రం అయిదింటితో గడువు సరి.

రెండింటికి ఇంకెవరికోసమో రాజరత్నం అదే అర్జీ తెరిచాడు. చివరి పేరాలో, "నా భర్త పక్షవాతంతో మంచాన ఉన్నారు, చూసుకునేది నేనొక్కదాన్నే" అని చక్కటి ఇంగ్లీషులో ఉంది. అది రెబెక్కా టీచరుగారి బదిలీ అర్జీలోది. తీసెయ్యడం మరిచాడు. పచ్చగీత ఒక్కటీ లేదు. ఎందుకుంటుంది? వాక్యం నిక్షేపంలా ఉంది మరి! పై పేరాలో పోయిన మనిషి కింది పేరాలో మంచం మీద ఉన్నాడని దానికేం తెలుస్తుంది, దాని మొహం!

షాపు తలుపులు దగ్గరకేసి బస్సెక్కాడు. ఆ బస్సు చెయ్యెత్తిన ప్రతివాడికీ ఆగుతోంది. దారిలో టైరు పంచరయింది. "అయ్యో, ఆవిడ నోట్లో మట్టి కొట్టానే" అని ప్రాణం కొట్టుకుపోతోంది. గడియారం చూడాలంటేనే భయం వేసింది.

నాలుగుంబావుకి చేరేసరికి పెద్దింట్లమ్మ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. అర్జీ ఒళ్లోనే ఉంది.

"తప్పుందంటండి. అయిదులోపు మార్చి తెమ్మన్నారండి."

"తప్పు నాదమ్మా, నీది కాదు," అంటూ రాజరత్నం తెల్లకాగితం మోకాలి మీద పెట్టుకుని మొత్తం చేత్తో రాశాడు. ఒక్కో వాక్యానికీ తెలుగు చెబుతూ చదివాడు. "నా భర్త గంగయ్య మార్చి తొమ్మిదిన చనిపోయారు" అనగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మళ్లీ ఏం తప్పమ్మా?"

"తప్పు లేదండి. ఇందాక గుమాస్తాగారు 'మీ ఆయన బతికే ఉన్నాడని రాశావేంటమ్మా' అన్నారండి." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎక్కడున్నాడండీ అని అడిగేశానండి."