పంజా పళ్ళు, శివారు నారుమడి

కాలవలకి నీళ్ళు వదులుతున్నారని పేపర్లో వస్తే డెల్టాలో ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. నాకు మాత్రం ఆ వార్త చూడబుద్ధి కాదు. పేపరు మడిచి పక్కన పడేసి, కాఫీ చల్లారిపోయిందని మా ఆవిడ మీద విసుక్కుంటాను. కాఫీ వేడిగానే ఉంటుంది, పాపం.

నేను విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఉండేది భవానీపురం. ఇరవై ఏళ్ళ పైనుంచీ బోర్డు ముందు నిలబడి మాట్లాడీ మాట్లాడీ, ఎదుటివాడు నోరు తెరవకముందే వాడి డౌటేమిటో నాకు తెలుసనుకునే జబ్బు పట్టుకుంది. ఇంట్లో వాళ్ళకి అలవాటైపోయింది. బయటివాళ్ళే నష్టపోతుంటారు.

మా అమ్మ వైపు నుంచి వచ్చిన మూడెకరాల మాగాణి ఒకటుంది, బస్సులో గంటన్నర దూరం. పెద్ద కాలవ నుంచి చీలిన ఒక పంట బోదె మా చేను పక్కగా పోతుంది. దాని మీద బతికేవాళ్ళు పదిహేనుమంది దాకా ఉంటారు. మాది చివరి నుంచి రెండో చేను. అందరికన్నా చివర, నీళ్ళు చిట్టచివరికి చేరే శివారులో, రెండెకరాలు కౌలుకి చేసుకునే ఒకావిడ ఉంది. భర్త లేడు. అరవై దగ్గర పడుతున్నాయి. నన్ను "మాస్టారూ" అంటుంది. నేను "ఏవమ్మా" అంటాను.

బోదె నిండా గుర్రపుడెక్క. ఎండాకాలం నిలవ నీళ్ళలో అది ఒకదాన్నొకటి పట్టుకుని చాపలా అల్లుకుపోతుంది, పైనేమో ఊదారంగు పూలు. నీళ్ళు వదిలేలోపు ఎవరి చేను ముందు డెక్క వాళ్ళు తీసుకోవాలి. దానికో పద్ధతుంది. పని శివారు నుంచి మొదలవుతుంది. ముందు ఆవిడ తీస్తుంది, ఆవిడది అయ్యాక పై చేను వాళ్ళు దిగుతారు, అలా మెట్టు మెట్టుగా పైకి. ఎందుకలా అని నేనెప్పుడూ అడగలేదు. పల్లెటూళ్ళో ఏదో ఆనవాయితీలే అనుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది.

ఆ ఏడు నాకు మిషను మోజు పట్టింది. బోదె గట్టు సన్నం, పెద్ద ట్రాక్టరు తిరగదని అంతకుముందే మినీ ట్రాక్టరు కొన్నాను, ముందు ఎత్తే చేతులు కూడా బిగించి. ఆ చేతులకి బకెట్టు బదులు పంజా లాంటిది తగిలిస్తారు. కింద వంకర తిరిగిన ఇనుప పళ్ళు, పైన నొక్కిపట్టే దవడ. లీవరు నొక్కితే మూసుకుంటుంది. దాన్ని గ్రాపుల్ అంటారు. విదేశాల వాళ్ళు దాంతో దుంగలెత్తే వీడియోలు వారం రోజులు చూశాను. మా చేలో దుంగలెక్కడివి? గట్టు మీద నాలుగు తాడిచెట్లు, అవీ నావి కావు.

ఆటోనగర్లో ఒక వెల్డింగ్ షెడ్డులో చేస్తారంటే వెళ్ళాను. ఆ మేస్త్రీ మొదట అడిగిన ప్రశ్న, "దీంతో ఏం ఎత్తుతారు సార్?"

"అన్నీ" అన్నాను.

"అన్నీ ఎత్తేది ఉండదండి. డెక్కకైతే పళ్ళు దగ్గరగా వేయాలి, నాలుగు వేళ్ళ ఎడంతో. వెడల్పు తగ్గిద్దాం, మీ బండి చిన్నది కదా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నాకే చెబుతాడా అని. అక్కడే బల్ల మీద తెల్లకాగితం పరిచి పాఠం మొదలుపెట్టాను. పంజా బరువు ఎంత పెరిగితే, ఎత్తే బరువు అంత తగ్గుతుంది కాబట్టి పళ్ళ సంఖ్య తగ్గించాలి, పన్నుకీ పన్నుకీ అడుగు ఎడం చాలు అని తేల్చాను. బరువు తగ్గించాలని పళ్ళు తగ్గించినవాణ్ణి, చూడ్డానికి నిండుగా ఉంటుందని వెడల్పు మాత్రం ఐదడుగులు పెట్టించాను. ఆ లెక్కలో పొంతన లేదని నా క్లాసులో వెనక బెంచీ వాడు కూడా పట్టేసేవాడు. మేస్త్రీ తలూపి, "మీ ఇష్టం సార్" అన్నాడు. నారింజ రంగు వేయించుకుని తెచ్చుకున్నాను.

నాకు సెలవు దొరికేది ఆదివారమే. ఆ ఆదివారం పంజా తగిలించి బోదె గట్టెక్కించాను. చూడ్డానికి పదిమంది దాకా పోగయ్యారు. కింది నుంచి శివారావిడ గట్టు మీద నడుచుకుంటూ వచ్చింది. చీర మోకాళ్ళదాకా ఎగ్గట్టి ఉంది, చేతిలో కొడవలి, పిక్కలనిండా బురద.

"మాస్టారండీ, నాది ఇంకా సగం ఉందండి. నాలుగు రోజులు ఆగారంటే అయిపోద్ది. అప్పుడు దింపుకోండి" అంది. పంజా దగ్గరికొచ్చి, పన్నుకీ పన్నుకీ మధ్య తన చెయ్యి పెట్టి చూసింది. "ఈ సందుల్లోంచి జారిపోద్దేమోనండి. జారింది వచ్చి ఆగేది నా తూము దగ్గరేగా. ఆ పక్కనే నారు పోశానండి."

ఆవిడ అంతా చెప్పింది. చెప్పాల్సింది ఒక్కటి కూడా వదల్లేదు. ఆ నారుమడి కోసం ఎవరినో బతిమాలి ఆయిలింజను తెచ్చుకుని, మురుగుకాలవ నీళ్ళు తోడించుకుంది. ముందు పంటలోంచి దాచుకున్న వడ్లు నానబోసి, మొలకెత్తాక చల్లుకుంది. అది పోతే మళ్ళీ పోసుకోవడానికి విత్తనం లేదు. ఇదంతా బోదె మీద అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

నేనేమన్నానో రాయడానికి చెయ్యి రావట్లేదు. అయినా రాస్తాను. "చూడమ్మా, ప్రెషరంటే ఏమిటో తెలుసా నీకు? ఇది పట్టుకుంటే మనిషి చెయ్యి పట్టుకున్నట్టు కాదు. నువ్వు నీ కొడవలి సంగతి చూసుకో, హైడ్రాలిక్స్ నాకొదిలెయ్" అన్నాను. గట్టు మీదున్న వాళ్ళు నవ్వారు. క్లాసులో జోకు పేలినప్పుడు ఎంత హాయిగా ఉంటుందో అంత హాయిగా ఉంది నాకు. ఆవిడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదన్నట్టు. కొడవలి భుజానేసుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

మొదటి పట్టులోనే తెలిసిపోయింది. పంజా మూసి పైకెత్తితే మోపెడు డెక్క లేచింది, గట్టు మీదికి తిప్పేలోపు అందులో సగం ముద్దలు ముద్దలుగా సందుల్లోంచి నీళ్ళలోకి జారింది. చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి లేదు. ఆపితే ఆవిడ చెప్పింది నిజమని పదిమంది ముందూ ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని ఆపలేదు. మధ్యాహ్నం దాకా లాగాను. గట్టు మీద మనిషెత్తు కుప్ప పడింది, నా చేను ముందు నీళ్ళు అద్దంలా కనిపించాయి. జారిన ముద్దలన్నీ కింది చేను హద్దు దాకా తేలుతూ పోయి నిలబడ్డాయి. అవి పడకుండా ఫోటో తీసి మా స్టాఫ్ గ్రూపులో పెట్టాను. బొటనవేళ్ళు బోలెడు వచ్చాయి.

నాలుగు రోజులు ఆగమంది ఆవిడ. అనుకున్న తేదీకన్నా ముందే, మూడో రోజునే నీళ్ళు వదిలారు.

ఆ మర్నాడు క్లాసుకీ క్లాసుకీ మధ్య పక్కచేను రైతు ఫోన్ చేశాడు. డెక్క కొట్టుకెళ్ళి శివారు తూములో బిగుసుకుపోయిందట, నీళ్ళు గట్టు పొర్లి ఆవిడ నారుమడి మునిగిందట. "ఒక్కసారి వస్తే బాగుంటుందండీ" అన్నాడు. క్లాసులున్నాయన్నాను. నిజంగానే ఉన్నాయి. కానీ జ్వరమొస్తే మానేసిన క్లాసులే అవి.

నేను వెళ్ళేసరికి ఇంకో పూట గడిచిపోయింది. ఆవిడ తూము మూతి దగ్గర గుండెలోతు నీళ్ళలో ఉంది. చేతుల్తో లాగుతోంది. నలుగురు మగాళ్ళు దిగి సాయం చేస్తున్నారు. నారుమడి ఉండాల్సిన చోట గోధుమరంగు నీళ్ళు తప్ప ఏమీ లేవు. లేత మొలక అన్నేసి పూటలు నీటికింద బతకదని నాకు కూడా తెలుసు.

పక్కచేను రైతు నీళ్ళలోంచే తలెత్తి, ఏ కల్మషమూ లేకుండా, "ఇంత డెక్క ఒక్కసారిగా ఎక్కణ్ణించి వచ్చిందంటారు మాస్టారూ?" అన్నాడు.

"పైనుంచే కొట్టుకొచ్చి ఉంటుంది. వదిలేవాళ్ళు చూసుకుని వదలాలి కదా" అన్నాను.

అంత తేలిగ్గా అబద్ధం వస్తుందని నాకు తెలీదు. పాఠం చెప్పే గొంతే. మాస్టారు చెప్పారు కాబట్టి అందరూ అంతేనన్నట్టు తలూపారు.

ఆవిడ తలూపలేదు. చేతిలో ఉన్న డెక్క ముద్దని తిప్పి చూసింది. కొడవలితో కోసిన దానికి కాడ తెగి ఉంటుంది. పైనుంచి ప్రవాహంలో తేలొచ్చిన దానికి వేళ్ళు కడిగినట్టుంటాయి. ఇదేమో మొదలంటా పీకింది, వేళ్ళనిండా అడుగు బురద పట్టుకుని ఉంది. దాన్ని చూసింది, నన్ను చూసింది. వేళ్ళు పైకి వచ్చేలా గట్టు మీద నా కాళ్ళ దగ్గర పెట్టి, మళ్ళీ నీళ్ళలోకి వంగింది. తిట్టినా పడేవాణ్ణి.

"ట్రాక్టరు తెస్తాను" అన్నాను, నోటికేదో ఒకటి రావాలని.

"గట్టు ఆగదండి. మీ పంజా వెడల్పు కదా" అంది ఆవిడ, తలెత్తకుండానే.

గట్టు మీద పెట్టిన నాలుగు సెల్‌ఫోన్లు తడుస్తాయని నన్ను పట్టుకోమన్నారు. ప్యాంటు మడుచుకుని, అవి పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. తూము తెరుచుకునేదాకా అలాగే నిలబడ్డాను. దిగొచ్చు. ఎవరూ వద్దనలేదు. దిగితే ఎందుకు దిగానో అందరికీ తెలిసిపోతుందనిపించింది. ఫోన్లు పట్టుకోవడమే నయమనుకున్నాను.

నాట్లప్పుడు ఎవరికి మిగిలిన నారు కట్టలు వాళ్ళు లేనివాళ్ళకి ఇస్తారు, మా బోదె మీద అది మామూలే. ఆవిడ ఇంటింటికీ తిరిగి అడిగింది. నా దగ్గరికి రాలేదు. అందరికన్నా ఎక్కువ నారు నాదే మిగిలింది. పిలిచి ఇద్దామనుకున్నాను, పిలిచి ఇస్తే ఎందుకిస్తున్నానో చెప్పాల్సొస్తుంది. రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూ ఉంటే నారు ముదిరి మడిలోనే పసుపుపచ్చగా మాగిపోయింది. ఆవిడ చేలో అరెకరం నాటు పడలేదు. బస్సు దిగి నడిచొచ్చే దారిలోనే కనపడుతుంది ఆ ముక్క. ఆ సంవత్సరమంతా అక్కడికి రాగానే ఫోను తీసి చూసుకుంటూ నడిచాను.

పంట కోతల తర్వాత పంజాని మళ్ళీ ఆటోనగర్ తీసుకెళ్ళాను. మధ్య మధ్యలో పళ్ళు వేయమన్నాను, నాలుగు వేళ్ళ ఎడంతో. "ఏమైంది సార్?" అన్నాడు మేస్త్రీ. "ఇప్పుడు పని మారింది" అన్నాను. అతనికీ నిజం చెప్పలేదు. వెడల్పు తగ్గించాలంటే మొత్తం విప్పాలన్నాడు, వద్దన్నాను. అప్పటికే నా బుద్ధి గడ్డి తిని ఉంది, నెమరు కూడా వేస్తోంది.

ఇప్పుడది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఒక్క ముద్ద జారదు. బోదె మీద అందరి డెక్కా అదే తీస్తుంది, శివారు ముక్క ఒక్కటి తప్ప. అక్కడి గట్టు మీద ఐదడుగుల పంజా తిరగదు. "మాస్టారు మిషను తెచ్చాక మాకు నడుము నొప్పులు పోయాయండీ" అని పక్కచేను రైతు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు. విన్నప్పుడల్లా నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అలాగని ఒక్కసారి కూడా ఆపమనలేదు.

పోయినేడు నీళ్ళు వదలడానికి ఇంకా నెల ఉందనగా, నేను షెడ్డు దగ్గర పంజాకి గ్రీజు పెడుతుంటే శివారావిడ వచ్చింది. చెప్పేద్దామనుకున్నాను. దేవుడి సాక్షిగా అనుకున్నాను. లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాను కూడా.

ముందు ఆవిడే మాట్లాడింది. "మాస్టారండీ, ఈ ఏడు మీ మిషను ఎప్పుడు దింపుతారో కాస్త ముందే చెప్పండి. ఆ లోపు నాది తీసేసుకుంటాను. పోయినసారి నాదే ఆలస్యమైపోయింది. మీకు నా మూలంగా ఇబ్బంది ఉండకూడదు" అంది.

"సరేనమ్మా, ఫోన్ చేయిస్తాలే" అన్నాను.