కారుకు వేణ్ణీళ్ళ స్నానం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. (పందొమ్మిదేళ్ళ వయసులో అందరికీ వచ్చే జబ్బే. బాధంతా పక్కవాళ్ళకి, అంతే.) మాది ఉద్దనపల్లి. మా నాయన ఎద్దులంటే చుట్టుపక్కల సంతల్లో పేరు. వాటి మధ్యే పెరిగిన నేను, ఎద్దుల్ని వదిలేసి కారు తోలడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. సరిగ్గా అదే ఏడాది హోసూరులో మండీ నడిపే మా మేనమామ బెంగుళూరు నుంచి ఒక నల్లకారు కొనుక్కొచ్చాడు. పాతదే గానీ రంగు మాత్రం కొత్తగా వేయించింది. పొద్దున లేస్తూనే దాని బానెట్టులో ముఖం చూసుకుని మీసం సవరించుకుంటే గాని ఆయనకు కాఫీ దిగేది కాదు.

"రేయ్, ఆదివారం మన పాప పెండ్లి సంబంధానికి కృష్ణగిరిలో అబ్బాయోళ్ళ ఇల్లు చూసేదానికి పోవల్ల. వాళ్ళు పెద్దోళ్ళు. కారు అద్దం మాదిరి ఉండల్ల. అంతా సరిగ్గా జరిగితే నువ్వు ఈడనే డ్రైవరు. ల్యాకుంటే ఊరికి పోయి మీ నాయన ఎద్దులే తోలుకో" అన్నాడు మామ. నేనప్పటికే డ్రైవరునైపోయానని ఊరంతా చాటుకుని మామ ఇంటికి వచ్చాను. తిరిగి వెళ్ళి ఎద్దులకు నా ముఖం చూపించే ధైర్యం కూడా నాకు లేదు.

శుక్రవారం పొద్దున చూస్తే కారు నిండా ఎర్రమట్టి దుమ్ము, దాని మీద మంచు. ధనుర్మాసం చలి. చన్నీళ్ళు ముట్టుకుంటే నా వేళ్ళే కొంకర్లు పోతున్నాయి, పాపం కారు మాటేమిటి అనుకున్నాను. (నవ్వకండి. చలికాలంలో మా ఇంట్లో ఎద్దులకి వేణ్ణీళ్ళే.) అత్త స్నానాలకని కాచిన అండాలోంచి రెండు బిందెలు తెచ్చి పోశాను. తరువాత మా నాయన నేర్పిన విద్య ప్రయోగించాను. పిడికెడు రాగిగడ్డి చుట్టగా చుట్టి, గుండ్రంగా, గట్టిగా, మెడ నుంచి తోక దాకా తోమడం. అలా తోమితే ఎద్దు ఒళ్ళు నిగనిగలాడుతుంది. కారుకి మెడ ఎక్కడో తేల్చుకోలేక బానెట్టు దగ్గర మొదలుపెట్టాను. అత్త వాకిట్లోకి వచ్చి, "ఏమప్పా, నా నీళ్ళన్నీ దానికే పోస్తివి. తల ఆరేదానికి సాంబ్రాణి పొగ కూడా వేస్తావా?" అంది.

తడి ఉన్నంతసేపూ కారు దివ్యంగా ఉంది. ఎండెక్కి తడి ఆరాక చూసుకుంటే, బానెట్టు మీద, తలుపుల మీద, ఎక్కడ చూసినా సన్నని గీతలు, సుడులు సుడులుగా, సాలెగూడు అల్లినట్టు. మురికి ఇంకా పోలేదేమోనని గడ్డి మార్చి మరింత గట్టిగా తోమాను. సుడులు రెట్టింపయ్యాయి. ఇక మామ మండీ నుంచి వచ్చేలోపు ఏదో ఒకటి చేయాలి. అత్త కొబ్బరినూనె సీసా తీసుకొచ్చి కారంతా దట్టంగా పట్టించాను. గీతలు మాయం! మామ వచ్చి, చుట్టూ తిరిగి చూసి, "సెబాస్ రా అల్లుడా!" అన్నాడు. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

హోసూరు చలిలో కొబ్బరినూనె ఏమవుతుందో, రోజూ సీసాని ఎండలో పెట్టి కరిగించుకునే అత్తకి తెలుసు, నాకూ తెలుసు. సీసాలో గడ్డకట్టేది కారు మీదా తెల్లగా గడ్డకడుతుందని మాత్రం తోచలేదు. శనివారం పొద్దున మామ అరుపుకి లేచి పరుగెత్తాను. "నా కారుకు సున్నం కొట్టింది ఎవుర్రా?"

దాచి లాభం లేదు. వేణ్ణీళ్ళు, గడ్డి, నూనె, అన్నీ వరసగా చెప్పేశాను. మామ "గడ్డా?" అని మాత్రం అడిగాడు. తిట్టి ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉండేది. "పోయి రంగుల తాతను పిల్చుకోని రాపో" అన్నాడు చివరికి.

రంగుల తాత అంటే లారీలకు రంగులు వేసే ముసలాయన. నూనె మీద వేలు పెట్టి గీసి, కింద ఉన్న సుడులు చూసి నిట్టూర్చాడు. "ఇది మురికి కాదప్పా, గాయం. ముందు ధారగా నీళ్ళు పోసి దుమ్మును పోగొట్టల్ల. నువ్వు ఆ మట్టినే పెట్టి అరగదీసినావు. వేణ్ణీళ్ళు జాస్తి కాగింటే ఆ చలికి అద్దం కూడా పగిలిపోయుండును." కారుని నీడలోకి తోయించాడు. గోరువెచ్చని సబ్బునీళ్ళతో రెండుసార్లు నూనె వదలగొట్టాడు. మెత్తటి పాత పంచె ముక్కని మాటిమాటికీ జాడిస్తూ పైనుంచి కిందికి నిలువుగా తుడిచాడు. ఆ తరువాత డబ్బాలోని పాలిష్ ముద్ద కొంచెం కొంచెంగా తీసి, పసిబిడ్డ బుగ్గకి రాసినట్టు రాశాడు. మామ మండీకి కూడా పోకుండా పక్కనే నిలబడి అంతా చూశాడు. సాయంత్రానికి సుడులు దాదాపు పోయాయి. ఎడమ తలుపు మీద మాత్రం కొన్ని మిగిలాయి. "ఇంకా రుద్దితే రేకు బయట పడ్తాది. ఉండనీ" అన్నాడు తాత.

ఆదివారం శూలగిరి మీదుగా గుంతలన్నీ తప్పిస్తూ తోలాను. కృష్ణగిరిలో ఎడమ తలుపు గోడవైపు వచ్చేలా నిలిపాను. సంబంధం ఖాయమైంది. తిరిగొచ్చి ఇంటి ముందు దిగాక నా మీద తీర్పు కోసం నిలబడ్డాను. మామ ఎడమ తలుపుని చేత్తో నిమిరి, "తోలేది నువ్వు. కడిగేది నేను. ఆ పని జోలికి మాత్రం రావద్దు" అన్నాడు.

అలా హోసూరులోనే ఉండిపోయాను. చలికాలం పొద్దున్నే మండీ యజమాని మఫ్లరు చుట్టుకుని వణుకుతూ కారు కడుగుతుంటే, డ్రైవరు అరుగు మీద కూర్చుని కాఫీ తాగేవాడు. ఎవరి దగ్గర ఎవరు పనిచేస్తున్నారో దారిన పోయేవాళ్ళకి అర్థమయ్యేది కాదు. మొదట్లో నవ్వొచ్చేది, తరువాత్తరువాత నిజంగా సిగ్గేసేది. పదకొండేళ్ళు గడిచాయి. ఒక చలికాలం ఉదయం మామ సగం కడిగి ఆగిపోయాడు. చేతులు సహకరించడం లేదు. తడిగుడ్డ నా చేతిలో పెట్టి, "నిలువుగా తుడువురా" అన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రిని, మొదటిసారి పలక పట్టుకున్నవాడిలా జాగ్రత్తగా తుడిచాను. ఆయన అరుగు మీద కూర్చుని ఒక్క తప్పూ పట్టలేదు. నాకు ఉద్యోగం ఖాయమైంది ఆ రోజేనని ఇప్పటికీ అనుకుంటాను.